చేయి తేలికయ్యే దాకా: బోయింగ్ 737-800ను లెవెల్ ఫ్లైట్‌కు ట్రిమ్ చేయడం

ఎద్దుబండిలో బస్తాలు వేసేటప్పుడు ఇరుసుకు వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ముందు ఎక్కువైతే ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. తోలేవాడు రెండు బస్తాలు అటో ఇటో జరిపి తూకం కుదురుస్తాడు. గాల్లో ఉన్న జెట్ విమానంలో బస్తాలు జరపలేం కాబట్టి తోక మీద పడే గాలి ఒత్తిడిని మారుస్తాం. అదే ట్రిమ్.

విమానం గరిమనాభి రెక్కల లిఫ్ట్ పనిచేసే చోటుకు కాస్త ముందు ఉంటుంది. అందువల్ల ముక్కు ఎప్పుడూ కిందికి వాలాలని చూస్తుంది, గాలి తోకను కిందికి నొక్కి దాన్ని ఆపుతుంది. ఎంత గట్టిగా నొక్కాలన్నది వేగం, బరువు, గరిమనాభి స్థానం, ఇంజన్ల థ్రస్ట్, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) నిర్ణయిస్తాయి. వీటిలో ఏది మారినా పాత లెక్క చెల్లదు. తోక రెక్క వెనక అంచున కదిలే పలకతో, అంటే ఎలివేటర్‌తోనే నెట్టుకురావచ్చు గానీ, అప్పుడు పైలట్ కంట్రోల్ కాలమ్‌ను లాగిపట్టుకునో, నెట్టిపట్టుకునో కూర్చోవాలి. అందుకే 737లో తోక దగ్గరి అడ్డ రెక్క, అంటే స్టెబిలైజర్ మొత్తాన్నీ ఒక పొడవాటి జాక్‌స్క్రూతో పైకీ కిందికీ తిప్పుతారు.

ఇక్కడ చెప్పేది 737-800 గురించి. లెక్కలు ఆ విమానానివే. సిమ్యులేటర్‌లో నేర్చుకునేవాళ్లకూ, టైప్ రేటింగ్‌కు (ఈ రకం విమానం నడిపే అర్హతకు) సిద్ధమయ్యేవాళ్లకూ ఇది పనికొస్తుంది. అసలు విమానంలో మాత్రం మీ సంస్థ మాన్యువల్ చెప్పిందే మాట.

మొదట ఒక్క విషయం తలకెక్కాలి. కాలమ్‌తో ముక్కును ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచి, ఆ తర్వాతే ట్రిమ్‌తో చేతి మీది బరువు దించుకోవాలి. ట్రిమ్‌తో విమానం నడపకూడదు. కింద వచ్చే పొరపాట్లలో చాలావాటికి మూలం ఈ వరస తలకిందులు కావడమే.

చేతికందే పరికరాలు

కంట్రోల్ వీల్ మీద కెప్టెన్‌కు ఎడమ కొమ్మున, ఫస్ట్ ఆఫీసర్‌కు కుడి కొమ్మున బొటనవేలికి అందేలా రెండు ముక్కలుగా చీలిన స్విచ్ ఉంటుంది. రెండు ముక్కలనూ కలిపి నొక్కితేనే మోటారు తిరుగుతుంది. ఒక్కటే నొక్కితే ఏమీ జరగదు, అది కావాలని పెట్టిన కాపలా. థ్రస్ట్ లీవర్ల పక్కన రెండు వైపులా పెద్ద నల్లటి ట్రిమ్ చక్రాలుంటాయి. స్టెబిలైజర్ కదిలినప్పుడల్లా అవి గరగరమంటూ తిరుగుతాయి. ఆ చప్పుడు విసుగ్గా ఉంటుందని కొత్తవాళ్లు అంటారు గానీ, ట్రిమ్ కదులుతోందని చెవికి చెప్పే వార్త అంతకంటే నమ్మకంగా ఇంకెక్కడా దొరకదు.

చక్రం పక్కనే యూనిట్లలో కొలిచే సూచిక ఉంటుంది. అంకె తగ్గితే ముక్కు కిందికి, పెరిగితే ముక్కు పైకి. చక్రం పైభాగం ముందుకు తిరిగితే ముక్కు కిందికని గుర్తు. బొటనవేలి స్విచ్‌తో ఫ్లాప్స్ దించి ఉన్నప్పుడు 0.05 నుంచి 14.5 యూనిట్ల దాకా, ఫ్లాప్స్ పూర్తిగా లోపలికి ఉన్నప్పుడు 3.95 నుంచి 14.5 దాకా పోవచ్చు. 3.95 కంటే కిందికి కావాలంటే చక్రాన్ని చేత్తో తిప్పాలి. చేతి తిప్పుడుకు ఒక యూనిట్ అంటే దాదాపు 15 చుట్లు.

మోటారు వేగం కూడా రెండు రకాలు. ఫ్లాప్స్ దించి ఉంటే సెకనుకు 0.4 యూనిట్లు, లోపలికి ఉంటే అందులో సగం. ఎక్కువ వేగంలో స్టెబిలైజర్ ఇసుమంత కదిలినా విమానం గట్టిగా స్పందిస్తుంది, అందుకే ఆ తగ్గింపు. అంటే అప్రోచ్‌లో (దిగడానికి వస్తున్నప్పుడు) అలవాటైన నొక్కుడు క్రూజ్‌లో (పైన నిలకడగా ఎగురుతున్నప్పుడు) పనికిరాదు, క్రూజ్‌లోది అప్రోచ్‌లో చాలదు.

ట్రిమ్ ముట్టుకునే ముందు

థ్రస్ట్, వేగం. ఈ రెండూ కుదురుకోకుండా ట్రిమ్ చేస్తే నీటి మీద రాత. 737 ఇంజన్లు రెక్కల కింద వేలాడతాయి కాబట్టి థ్రస్ట్ పెంచితే ముక్కు లేస్తుంది, తగ్గిస్తే వాలుతుంది. ముందు ట్రిమ్ చేసి తర్వాత లీవర్లు కదిపితే చేసిన పని చెరిగిపోతుంది. అందుకని థ్రస్ట్ పెట్టాలి, వేగం నిలిచే దాకా ఆగాలి, చివరగా ట్రిమ్.

రెండు ఇంజన్ల ఎన్1 (ముందు ఫ్యాన్ తిరిగే వేగం) అంకెలు సమానంగా ఉన్నాయో చూడండి. లీవర్లు పక్కపక్కన సమంగా ఉండడం కాదు, అంకెలు సమంగా ఉండడం ముఖ్యం. లీవర్ల మధ్య కాస్త తేడా ఉన్నా అంకెలు కలిస్తే సరే.

లెవెల్ ఆఫ్: మెట్టుమెట్టుగా

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆటోపైలట్, థ్రస్ట్‌ను తానే చూసుకునే ఆటోథ్రాటిల్ వేయలేదు. ఫ్లాప్స్ లోపలికి ఉన్నాయి. 250 నాట్లతో, నిమిషానికి 1,500 అడుగుల చొప్పున ఎక్కుతున్నాం. 10,000 అడుగుల దగ్గర ఆగాలి.

1. ఎక్కే రేటులో పదో వంతు ముందుగా మొదలుపెట్టండి. ఇక్కడ 150 అడుగులు, అంటే 9,850 దగ్గర. కాలమ్‌ను మెత్తగా ముందుకు నెట్టి ముక్కు దించండి. ఈ దశలో చూపు ఉండాల్సింది ముక్కు ఎన్ని డిగ్రీలు పైకో కిందికో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ మీద. ఈ ఎత్తులో ఈ వేగానికి ఒక డిగ్రీ తేడా అంటే నిమిషానికి సుమారు 500 అడుగులు. అంటే అర డిగ్రీ కూడా లెక్కలోకి వస్తుంది.

2. ముక్కు దిగుతుండగానే థ్రస్ట్ తగ్గించండి. క్లైంబ్ థ్రస్ట్ అలాగే వదిలేస్తే విమానం 250 దాటి పరుగెడుతుంది. వేగం పెరిగేకొద్దీ ముక్కు పైకి లేవాలని చూస్తుంది, ఎత్తు కూడా దాటిపోతుంది. థ్రస్ట్ తగ్గించినప్పుడు ముక్కు కిందికి లాగుతుంది. ఈ రెండు లాగుళ్లూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి కాబట్టి ఇప్పుడే పెద్ద ట్రిమ్ చేయొద్దు. చేతి మీద బరువు మరీ ఎక్కువైతే ఒకటి రెండు చిన్న నొక్కులు చాలు.

3. ముక్కును పట్టి ఉంచండి. ఎత్తు 10,000 దగ్గర కదలకుండా, వర్టికల్ స్పీడ్ సున్నా దగ్గర, వేగం 250 దగ్గర నిలబడాలి. దీనికి పది, పదిహేను సెకన్లు పడుతుంది. ఈ పదిహేను సెకన్ల ఓపిక లేకనే చాలామంది తర్వాత రెండు నిమిషాలు కుస్తీ పడతారు.

4. ఇప్పుడు చేతిని అడగండి. లాగిపట్టుకున్నట్టుందా? అయితే ముక్కు పైకి ట్రిమ్. నెట్టిపట్టుకున్నట్టుందా? ముక్కు కిందికి. స్విచ్‌ను అర సెకను నొక్కి వదలండి. ట్రిమ్ కదిలేకొద్దీ కాలమ్ మీద ఒత్తిడి వదులుతూ రావాలి. ముక్కు మాత్రం ఉన్నచోటే ఉండాలి. ముక్కు కదిలిందంటే చేయి తన పని వదిలేసి ట్రిమ్‌తో విమానం నడిపినట్టే.

5. బరువు తెలియకపోతే పట్టు సడలించి చూడండి, పూర్తిగా వదలొద్దు. పది సెకన్ల పాటు వర్టికల్ స్పీడ్ వందకు ఇటూ అటూ దాటకపోతే సరిపోయింది. ముక్కు వాలితే ముందు కాలమ్‌తో మళ్లీ పైకి తెచ్చి, ఆ తర్వాతే ఇంకో నొక్కు.

వేగం పది నాట్లు మారినా, ఫ్లాప్స్ కదిలినా మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలు. సరైన ట్రిమ్ ఒక వేగానికే చెల్లుతుంది.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే మామూలు తప్పు వర్టికల్ స్పీడ్ సూదిని వెంటాడడం. సూది మైనస్ 300 చూపిస్తుంది, పైలట్ పైకి ట్రిమ్ చేస్తాడు. సూది ప్లస్ 400కు పోతుంది, కిందికి ట్రిమ్ చేస్తాడు. ఇక ఊయలే. నిజానికి వేగం నిలవకముందే చేయి వదిలేస్తే విమానం తన ట్రిమ్ వేగాన్ని వెతుక్కుంటూ నెమ్మదిగా ఎక్కుతూ దిగుతూ పోతుంది. అది దాని సహజ గుణం. ఆ అల మీద మీరు ఇంకో అల కలుపుతున్నారు. చేయాల్సింది ట్రిమ్ మీద నుంచి వేలు తీసి, ముక్కును ఒకచోట పట్టి, వేగం ఆగే దాకా ఉండడం.

స్విచ్‌ను నొక్కిపట్టుకోవడం ఇంకో తప్పు, ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. 2016 మార్చి 19న రష్యాలోని రోస్తోవ్-ఆన్-డాన్‌లో ఫ్లైదుబాయ్ 981, ఇదే రకం 737-800, రాత్రి వేళ గో అరౌండ్ (దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం) చేస్తూ కూలి 62 మంది చనిపోయారు. థ్రస్ట్‌కు లేస్తున్న ముక్కును కాలమ్‌తో నెట్టడంతో పాటు ముక్కు కిందికి ట్రిమ్ స్విచ్ వరసగా 12 సెకన్లు నొక్కి ఉన్నట్టు దర్యాప్తులో తేలింది. పైన చెప్పిన సెకనుకు 0.4 యూనిట్ల లెక్క గుర్తుంటే 12 సెకన్లంటే ఎంతో తెలుస్తుంది. మూడు సెకన్ల పైబడి నొక్కాల్సి వస్తోందంటే ఆగి, కళ్లతో సూచిక చూడండి.

మూడోది తప్పు కాదు, అనుమానం. ఆటోపైలట్ లేకుండా ఎక్కుతున్నప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే ట్రిమ్ చక్రం కాస్త తిరిగి ఆగుతుంది. అది స్పీడ్ ట్రిమ్ సిస్టమ్. తక్కువ వేగం, ఎక్కువ థ్రస్ట్ ఉన్నప్పుడు, వేగం మారితే దాన్ని వెనక్కి తెచ్చే దిశలో స్టెబిలైజర్‌ను అదే కదుపుతుంది. టేకాఫ్ అయిన 10 సెకన్ల తర్వాత, మీరు ట్రిమ్ స్విచ్ వదిలిన 5 సెకన్ల తర్వాత గానీ అది పనిలోకి దిగదు. మీరు వేగం పెంచుతుంటే అది ముక్కు పైకి తోస్తుంది కాబట్టి, మీతో పోట్లాడుతున్నట్టే అనిపిస్తుంది. మీరు ఇంకో నొక్కు నొక్కితే ఊరుకుంటుంది.

నాలుగోది సిమ్యులేటర్ వాళ్లకు తరచూ ఎదురయ్యేది. కాలమ్‌ను గట్టిగా లాగుతూ ముక్కు కిందికి ట్రిమ్ నొక్కితే చక్రం తిరగదు. స్విచ్ చెడిపోలేదు. కాలమ్ ఒక దిక్కుకు, ట్రిమ్ ఇంకో దిక్కుకు పోతే మోటారు ఆగిపోయేలా కటౌట్ ఉంది.

ఆటోపైలట్ వేశాక

737-800 ఆటోపైలట్ స్టెబిలైజర్‌ను తానే ట్రిమ్ చేసుకుంటుంది, కానీ బొటనవేలి కంటే నెమ్మదిగా. ఎలివేటర్‌ను ముందు కదిపి, ఆ బరువును తర్వాత స్టెబిలైజర్ మీదికి దించుతుంది. ట్రిమ్ లేని విమానాన్ని ఆటోపైలట్‌కు అప్పగిస్తే అది కొంతసేపు తంటాలు పడుతుంది, ఒక్కోసారి ఎత్తు కూడా కాస్త తప్పుతుంది. చేయి తేలికయ్యాకే ఆటోపైలట్ వేయండి. స్టెబ్ అవుటాఫ్ ట్రిమ్ దీపం వెలిగిందంటే ఆటోపైలట్ ట్రిమ్ చేయలేకపోతోందని అర్థం. చెక్‌లిస్ట్ ప్రకారం ఆటోపైలట్ తీయాల్సి వస్తే, ముందు కాలమ్‌ను గట్టిగా పట్టుకోండి. తీసిన క్షణంలో పేరుకున్న బరువంతా చేతి మీద పడుతుంది.

35,000 అడుగుల్లో, మాక్ 0.78 (ధ్వని వేగంలో 0.78 వంతు) దగ్గర ముక్కు సాధారణంగా రెండు మూడు డిగ్రీల మధ్య పైకి ఉంటుంది. అక్కడ ఒక డిగ్రీ తేడా నిమిషానికి దాదాపు 780 అడుగులు. మాక్ అంకెను వెయ్యితో గుణిస్తే ఈ లెక్క వచ్చేస్తుంది. అంత ఎత్తులో చేత్తో నడపడం సిమ్యులేటర్‌లోనే సాధన చేయాలి. 29,000 అడుగుల పైన వెయ్యి అడుగుల ఎడంతో విమానాలు తిరిగే ఆర్‌వీఎస్ఎం ఆకాశంలో ఆటోపైలట్ ఎత్తు పట్టి ఉంచడం తప్పనిసరి. మాక్ 0.615 దాటాక మాక్ ట్రిమ్ అనే ఇంకో ఏర్పాటు ఎలివేటర్‌ను దానంతటదే కాస్త సర్దుతుంది. దాన్ని మీరు పట్టించుకోనక్కర్లేదు.

పక్కకు లాగుతుంటే

లెవెల్ ఫ్లైట్ అంటే ముక్కు ఒక్కటే కాదు. ఆటోపైలట్ మీద అంతా ప్రశాంతంగా ఉన్నా, కంట్రోల్ వీల్ ఒక పక్కకు ఒరిగి ఉంటే విమానం పక్కకు ట్రిమ్ తప్పి ఉందన్నమాట. క్రూజ్‌లో ఈ 737 ఆటోపైలట్ చేతిలో విమానాన్ని పక్కకు ఒరిగించే ఐలరాన్లు ఉన్నాయి, ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ లేదు. విమానం ఎడమకు లాగుతుంటే అది వీల్‌ను కుడికి తిప్పిపట్టుకుని నోరు మెదపకుండా కూర్చుంటుంది. వీల్ సుమారు 10 డిగ్రీలు దాటితే రెక్క మీది స్పాయిలర్లు (లిఫ్ట్ తగ్గించే పలకలు) కూడా లేవడం మొదలవుతుంది, అక్కడి నుంచి ఇంధనం దండగ. స్పాయిలర్లు లేవనంత వరకు చిన్న తేడాలకు ఖర్చయ్యేది ఒక శాతం కంటే తక్కువే.

డబ్బు కంటే పెద్ద ప్రమాదం ఈ మౌనం. 1985 ఫిబ్రవరి 19న పసిఫిక్ మీద 41,000 అడుగుల్లో ఎగురుతున్న చైనా ఎయిర్‌లైన్స్ 006, ఒక 747ఎస్‌పీ, కుడి చివరన ఉన్న నాలుగో ఇంజన్ థ్రస్ట్ కోల్పోయింది. ఆటోపైలట్ వీల్‌ను ఎడమకు తిప్పుతూ పోయింది, రడ్డర్ ఎవరూ వాడలేదు. ఆటోపైలట్ తీసేసరికి విమానం కుడికి తిరగబడి 30,000 అడుగులకు పైగా పడిపోయింది. అదృష్టవశాత్తూ శాన్ ఫ్రాన్సిస్కోలో దిగగలిగింది. వీల్ ఎటు ఒరిగిందో అప్పుడప్పుడు చూడడం అంత విలువైన అలవాటు.

సరిచేసే వరస ఇది.

1. ఎన్1 రెండు వైపులా సమం చేయండి.

2. రెక్కల ట్యాంకుల్లో ఇంధనం చూడండి. తేడా 453 కిలోలకు చేరితే ఇంబాల్ (తూకం తప్పింది) హెచ్చరిక వస్తుంది, కానీ వీల్ ఒరగడానికి అంత దాకా అక్కర్లేదు. బరువు తేడా వల్ల ఒరిగిన విమానాన్ని రడ్డర్‌తో సర్దడం పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయడమే. సమం చేయాలంటే రెండు వైపుల ఇంధన దారులను కలిపే క్రాస్‌ఫీడ్ వాల్వ్ తెరిచి, తక్కువ ఉన్న ట్యాంకు పంపులు ఆపాలి. సమం కాగానే ముందు పంపులు వేసి, తర్వాత క్రాస్‌ఫీడ్ మూయాలి. లీక్ అనుమానం ఏమాత్రం ఉన్నా క్రాస్‌ఫీడ్ జోలికి పోవద్దు, రెండో ట్యాంకు కూడా ఆ కంత గుండానే పోతుంది.

3. ఆటోపైలట్ హెడింగ్ సెలెక్ట్‌లో (ఎంచుకున్న దిక్కును పట్టి ఉంచే పద్ధతిలో) కనీసం 30 సెకన్లు నిలకడగా ఉండనివ్వండి.

4. వీల్ ఏ పక్కకు దిగి ఉందో ఆ పక్కకే రడ్డర్ ట్రిమ్ తిప్పండి. కుడికి దిగి ఉంటే కుడికి. కుడి రడ్డర్‌తో ముక్కు కుడికి తిరిగితే ఎడమ రెక్క గాలికి ఎదురుగా వచ్చి లిఫ్ట్ పెరుగుతుంది, విమానం కుడికి ఒరగాలని చూస్తుంది, ఆటోపైలట్‌కు కుడి వీల్ అవసరం తగ్గుతుంది. వెనుకకు వాలిన రెక్కల విమానాల్లో ఈ గుణం బలంగా ఉంటుంది. నాబ్‌ను కొద్దిగా తిప్పి వదిలేయండి, స్ప్రింగ్ దాన్ని మధ్యకు తెస్తుంది, రడ్డర్ మాత్రం కొత్త చోటే ఉంటుంది. పది సెకన్లు ఆగి, చాలకపోతే ఇంకాస్త.

5. వీల్ పైనున్న గీతల మీద సున్నా వస్తే పని అయిపోయింది. విమానం పక్కకు జారడాన్ని చూపే స్లిప్ సూచిక కొంచెం పక్కకున్నా, రెక్కల ఒరుగును చూపే బ్యాంక్ పాయింటర్ కాస్త ఒరిగినా పర్వాలేదు. అసలు పరీక్ష ఏమిటంటే, ఆటోపైలట్ తీసినా హెడింగ్ మారకూడదు.

ఐలరాన్ ట్రిమ్ ఊసు ఇంత దాకా రాలేదు, కారణముంది. ఆటోపైలట్ ఉండగా దాన్ని వాడకూడదు. ఆటోపైలట్ దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది కాబట్టి మీరు ఎంత తిప్పారో కనబడదు. తీసిన మరుక్షణం విమానం పక్కకు పడుతుంది. రడ్డర్‌తో మాత్రమే సరిచేయబోతే బ్యాంక్ మరీ ఎక్కువై నచ్చకపోతే గానీ ఐలరాన్ దాకా పోవద్దు. అప్పుడు ఆటోపైలట్ తీసి, వీల్‌తో రెక్కలు సమంగా పట్టి, హెడింగ్ తిరగడం ఆగే దాకా రడ్డర్ ట్రిమ్ ఇచ్చి, వీల్ మీద మిగిలిన బరువును చివరగా ఐలరాన్ ట్రిమ్‌తో తీసేయాలి. దీనికీ రెండు స్విచ్‌లు కలిపి నొక్కాలి.

చక్రం ఆగకుండా తిరిగితే

స్పీడ్ ట్రిమ్ కొద్దిసేపు తిరిగి ఆగుతుంది. ఆగకుండా, సందర్భానికి పొంతన లేకుండా తిరిగితే అది రనవే (అదుపు తప్పి పరుగెత్తే) స్టెబిలైజర్. కాలమ్ గట్టిగా పట్టుకోవాలి, ఆటోపైలట్ తీయాలి, ఆటోథ్రాటిల్ తీయాలి, కాలమ్‌తోనూ బొటనవేలి ట్రిమ్‌తోనూ ముక్కును అదుపులో పెట్టాలి. అప్పటికీ ఆగకపోతే ట్రిమ్ మోటారును ఆపేసే రెండు స్టెబ్ ట్రిమ్ కటౌట్ స్విచ్‌లూ వేయాలి. అదీ కాకపోతే చక్రాన్ని చేత్తో పట్టి ఆపాలి.

కటౌట్ వేసే ముందే బొటనవేలి ట్రిమ్‌తో వీలైనంత బరువు దించుకోవడం చాలా ముఖ్యం. తర్వాత చేతి చక్రమే దిక్కు. వేగం ఎక్కువై, ఎలివేటర్‌ను బలంగా లాగిపట్టుకుని ఉన్నప్పుడు జాక్‌స్క్రూ మీద భారం పెరిగి ఆ చక్రం మొరాయిస్తుంది. 2019 మార్చి 10న 157 మందిని బలిగొన్న ఇథియోపియన్ 302, ఒక 737 మ్యాక్స్, కథలో ఈ చిక్కు కూడా ఉంది. ఎంక్యాస్ అనే ఆటోమేటిక్ వ్యవస్థ ముక్కు కిందికి ట్రిమ్ చేసిన తర్వాత కటౌట్ వేశారు, అప్పటికి వేగం బాగా పెరిగింది, చేతి ట్రిమ్ పనిచేయలేదు. వేగం పెరగకుండా చూసుకోవాలి. చక్రం బిగిస్తే ఇద్దరూ చెరో పక్క పిడి పట్టి తిప్పాలి. పని కాగానే పిడి మడవండి. మోటారు తిరిగేటప్పుడు బయటికి ఉన్న పిడి మోకాలిని వదలదు.

దిగిన తర్వాత

ఇంధనం, థ్రస్ట్ సమంగా ఉన్నా రడ్డర్ ట్రిమ్ ఎప్పటికంటే ఎక్కువ కావాల్సి వచ్చిందంటే, ఎక్కడో ఫ్లాప్ సరిగా కూర్చోకపోవడమో, స్పాయిలర్ కాస్త లేచి ఉండడమో, రిగ్గింగ్ (కదిలే పలకల అమరిక) తప్పడమో అయి ఉండొచ్చు. టెక్ లాగ్‌లో “విమానం ఎడమకు లాగుతోంది” అని రాస్తే ఇంజనీరుకు చేతికేమీ దొరకదు. ఎత్తు, మాక్, మొత్తం బరువు, రెండు ట్యాంకుల ఇంధనం, రెండు ఎన్1లు, రడ్డర్ ట్రిమ్ ఎన్ని యూనిట్లు ఏ పక్కకు, ట్రిమ్‌కు ముందు వీల్ ఎంత ఒరిగి ఉంది, ఫ్లాప్స్ దించినప్పుడు ఆ లాగుడు పెరిగిందా తగ్గిందా అన్నవి రాయండి. చివరిది చాలామంది మర్చిపోతారు, ఇంజనీరు మొదట అడిగేది మాత్రం దాన్నే.